నిలబెట్టిన ఎలక్ట్రిక్ కారు ఏమీ మిగల్చదు

లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి దాగి ఉంటుంది. నగరం రోడ్ల మీద మధ్యరకం పెట్రోలు కారు ఆ లీటరుతో 13 కిలోమీటర్లు నడిస్తే గొప్పే. అవే 9 యూనిట్లు గోడ ప్లగ్గు నుంచి ఎలక్ట్రిక్ కారుకు ఎక్కిస్తే, చార్జింగ్‌లో వృథా అయ్యే పదో వంతు పోయినా, 50 కిలోమీటర్లు దాటి వెళ్తుంది. ఇందులో మాయేమీ లేదు. ఇంజిన్ పని వేడిని కదలికగా మార్చడం. ఆ మార్పిడిలో మూడు వంతుల శక్తి రేడియేటర్ నుంచీ పొగగొట్టం నుంచీ వేడిగానే బయటికి పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినా ఇంజిన్ తాగడం ఆపదు. మోటారుకు ఆ దుబారా లేదు. పైగా బ్రేకు వేసినప్పుడు అదే జనరేటర్‌గా మారి కొంత కరెంటును బ్యాటరీకి తిప్పి పంపుతుంది. ఎలక్ట్రిక్ కారు లాభమంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది. అయితే ఆ లాభం కారు కదిలినప్పుడే, కిలోమీటరుకు ఇంత చొప్పున, చిల్లరగా చేతికొస్తుంది. ఖర్చు మాత్రం షోరూములో మొదటి రోజే టోకున పడుతుంది. అందుకే ‘ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా?’ అని అడిగేవారిని ముందు రెండు సంగతులు అడగాలి. నెలకు ఎంత తిరుగుతారు? రాత్రి కారు ఎక్కడ పెడతారు?

డబ్బు లెక్కతో మొదలుపెడదాం. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయలు అనుకుంటే, 13 కిలోమీటర్ల మైలేజీకి కిలోమీటరు ఖర్చు 8 రూపాయల పైచిలుకు. ఇంట్లో చార్జింగ్ చేసుకునే ఎలక్ట్రిక్ కారుకు యూనిట్ 10 రూపాయలు పడినా, కిలోమీటరుకు 1 రూపాయి 70 పైసలు దాటదు. అంటే కిలోమీటరుకు ఆరున్నర రూపాయలు మిగులుతాయి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి ఏడాదికి 78 వేలు ఆదా. పోల్చదగిన పెట్రోలు కారు కంటే ఎలక్ట్రిక్ కారుకు 3 లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే, నాలుగేళ్లలోపే ఆ తేడా తీరిపోతుంది. ఇప్పుడు నెలకు 300 కిలోమీటర్లు మాత్రమే తిరిగే ఇంటిని చూద్దాం. ఆఫీసుకు మెట్రోలో వెళ్లి, ఆదివారం మాత్రమే కారు తీసే ఇళ్లు మన నగరాల్లో తక్కువేం కాదు. వాళ్లకు ఏడాదికి మిగిలేది 23 వేల చిల్లర. అదే 3 లక్షలను 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేసుకుంటే ఏటా 21 వేలు వస్తాయి. పెట్రోలు మీద మిగిల్చింది దాదాపు మొత్తం వడ్డీ రూపంలో పోగొట్టుకున్నట్టే. కారు ఒకటే, కరెంటూ ఒకటే. తిరుగుడులో తేడాతో ఒకరికి లాభసాటి అయినది మరొకరికి బరువైంది.

కొనే ధరలోని తేడాను పన్నులు అటూ ఇటూ జరుపుతూ ఉంటాయి. ఎలక్ట్రిక్ వాహనాల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుతో 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా రద్దయ్యాయి. పెట్రోలు కారు కొంటే ధరను బట్టి 13 శాతం నుంచి మొదలయ్యే జీవితకాల పన్నుతో పోలిస్తే ఇది చిన్న మినహాయింపు కాదు. మరోవైపు 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగడంతో, తగ్గుతున్న తేడా మళ్లీ కొంత పెరిగింది. ఇలాంటి రాయితీలు చూసుకుని కొనడంలో తప్పు లేదు. గడువున్న రాయితీని కారు సహజ గుణంగా లెక్కేసుకోవడమే తప్పు. కరెంటు బిల్లులోనూ ఒక మెలిక ఉంది. నెలకు 1,000 కిలోమీటర్ల తిరుగుడు అంటే ఇంటి మీటరుకు 165 యూనిట్లకు పైగా అదనం. ఇప్పటికే రెండు ఏసీలు నడిచే ఇంట్లో ఆ యూనిట్లన్నీ పై శ్లాబులోనే పడతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అక్కడ యూనిట్ ధర 9 రూపాయలకు అటూ ఇటూ మొదలై పదికి చేరువవుతుంది. సగటు రేటుతో లెక్క చూపించే అమ్మకందారు మాట వినకుండా, 10 రూపాయల చొప్పునే లెక్క వేసుకోవడం క్షేమం. అప్పుడూ ఎలక్ట్రిక్ కారే గెలుస్తుంది, కాకపోతే కరపత్రంలో చెప్పినంత తేడాతో కాదు.

రెండో ప్రశ్న, రాత్రి కారు నిలిచే చోటు, చాలామంది అనుకునే దానికంటే పెద్దది. సొంత ఇల్లు, గేటు లోపల పార్కింగ్, అక్కడొక 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంటే సమస్య దాదాపు లేనట్టే. ఆ ప్లగ్గు గంటకు 3 యూనిట్ల చొప్పున మాత్రమే ఎక్కిస్తుంది, 45 యూనిట్ల బ్యాటరీని ఖాళీ నుంచి నింపాలంటే 15 గంటలు పడుతుంది. అయితే రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవారికి కావలసింది 7 యూనిట్లే. రాత్రి పడుకునే వేళకు తగిలిస్తే రెండున్నర గంటల్లో అయిపోతుంది. అపార్ట్‌మెంటులో కథ వేరు. సెల్లార్‌లోని పార్కింగ్ గడికీ మూడో అంతస్తులోని మీటరుకూ మధ్య కేబుల్ లాగాలి, దానికి అసోసియేషన్ ఒప్పుకోవాలి, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం సరిపోవాలి. సొంత కనెక్షన్ నుంచే ఇంటి దగ్గర వాహనాన్ని చార్జింగ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. కొత్త భవనాల్లో 20 శాతం పార్కింగ్‌కు చార్జింగ్ వసతి ఉండాలని 2019లో నమూనా భవన నిబంధనలను సవరించారు. కాగితం మీది హక్కు సెల్లార్‌లో ప్లగ్గుగా మారేదాకా మధ్యలో ఎన్ని సమావేశాలు జరుగుతాయో అపార్ట్‌మెంటు వాసులకు చెప్పనక్కర్లేదు. అద్దెకున్నవారి పరిస్థితి ఇంకా ఇరుకు. రెండేళ్లలో ఖాళీ చేసే ఇంటికి వైరింగ్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఇంట్లో ప్లగ్గు లేకపోతే బయటి ఫాస్ట్ చార్జర్లే దిక్కు. అక్కడ యూనిట్ ధర 20 రూపాయల చుట్టూ ఉంటుంది, దానిపై 18 శాతం జీఎస్టీ. కిలోమీటరు ఖర్చు మూడున్నర, నాలుగు రూపాయలకు ఎక్కుతుంది. పెట్రోలుతో పోలిస్తే ఇదీ తక్కువే, కానీ ఆదాలో మూడో వంతు దాకా ఎగిరిపోయింది. ఇక సమయం. చార్జర్ మీద 60 కిలోవాట్లు అని రాసి ఉన్నా ఆ వేగం చివరిదాకా ఉండదు. బ్యాటరీ నిండేకొద్దీ గ్రాఫైట్ పొరల మధ్య లిథియం అయాన్లు దూరడానికి ఖాళీ తగ్గుతుంది. అప్పుడూ అదే జోరుతో తోస్తే అవి లోపలికి పోలేక పైనే లోహంగా పేరుకుంటాయి, అది బ్యాటరీకి శాశ్వత నష్టం. అందుకే 80 శాతం దగ్గర కారే వేగాన్ని తగ్గించేస్తుంది. దారిలో 80 దాకా నింపుకుని బయల్దేరడమే తెలివి. చివరి 20 శాతం కోసం కూర్చునేవాళ్లు తమ సమయంతో పాటు వెనక నిలబడ్డవాళ్ల సమయాన్నీ తింటున్నారు.

హైదరాబాద్ నుంచి విజయవాడకు జాతీయ రహదారి 65 మీద 270 కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ కార్ల గురించిన భయాలన్నిటికీ ఈ దారి మంచి పరీక్ష. కంపెనీ చెప్పే రేంజ్ ప్రయోగశాలలో, ఏసీ లేకుండా, తక్కువ సగటు వేగంతో తేలిన అంకె. గాలి అడ్డగింపు వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగం నుంచి 110కి వెళ్తే ఆ అడ్డగింపు దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి 45 యూనిట్ల కారు నిదానంగా వెళ్తే 330 కిలోమీటర్లు రావచ్చు, 100 దాటి పరిగెత్తిస్తే 270 దగ్గరే చతికిలపడవచ్చు. సూర్యాపేటలోనో కోదాడలోనో అరగంట ఆగితే ఏ ఇబ్బందీ ఉండదు. టిఫినుకు ఎలాగూ ఆగే చోటే అది. కానీ ఈ మాట మామూలు రోజులకే చెల్లుతుంది. సంక్రాంతి ముందురోజు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరే కార్లలో పదో వంతు ఎలక్ట్రిక్‌వి అయ్యాయనుకోండి. బంకులో ఒక్కో కారుకు ఐదు నిమిషాలు చాలు, చార్జర్ దగ్గర ఒక్కొక్కటి అరగంట పైనే తీసుకుంటుంది. ముందు నలుగురుంటే రెండు గంటలు. ఏడాదిలో నాలుగు రోజుల ఈ కష్టాన్ని మిగతా రోజుల సౌకర్యంతో తూచుకోవాలి. నాలుగు రోజులకు కారు మార్చుకోవడమో, ప్రయాణవేళ మార్చుకోవడమో కుదిరే ఇంటికి ఇది పెద్ద అభ్యంతరం కాదు. అత్తారిల్లు విశాఖలో, తల్లిదండ్రులు తిరుపతిలో, ఉన్న ఒక్క కారూ ఇదే అయితే మాత్రం ఆలోచించాల్సిందే.

ఏసీ వేస్తే రేంజ్ పడిపోతుందన్న ఫిర్యాదులో సగమే నిజం. ఎండాకాలంలో ఏసీ గంటకు ఒకటి, ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుంది. హైవే మీద అదే గంటలో కారు 15 యూనిట్లు తినేస్తుంది కనుక ఏసీ వాటా పట్టించుకోదగినది కాదు. నగరం ట్రాఫిక్‌లో గంటకు 20 కిలోమీటర్లు పాకుతూ ఉంటే కారు కదలడానికి అయ్యేది మూడు యూనిట్లు, ఏసీకి ఒకటిన్నర. అక్కడ దెబ్బ కనిపిస్తుంది. చలిదేశాల్లో బాధ ఇంకో రకం. పెట్రోలు కారుకు ఇంజిన్ వేడి ఉచితంగా దొరుకుతుంది, ఎలక్ట్రిక్ కారు ఆ వేడిని కూడా బ్యాటరీ నుంచే పుట్టించాలి. 2024 జనవరిలో గడ్డకట్టే చలికి షికాగో చార్జింగ్ కేంద్రాల దగ్గర కార్లు వరసగా నిలిచిపోయిన వార్త అక్కడి మనవాళ్లను బాగానే భయపెట్టింది. అయితే చలికి పేరుపడ్డ నార్వేలో అదే ఏడాది అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది దాకా ఎలక్ట్రిక్‌వే. ఇళ్ల దగ్గర చార్జింగ్ వసతి ఉన్న చోట వాతావరణం రెండో సమస్య అవుతుంది.

మనకు అసలు శత్రువు చలి కాదు, ఎండ. అది రోజువారీ రేంజ్ కంటే బ్యాటరీ ఆయుష్షునే ఎక్కువ తింటుంది. లిథియం బ్యాటరీలో గ్రాఫైట్ ఉపరితలం మీద ఎలక్ట్రోలైట్ చర్య జరిపి పల్చని పొర కడుతుంది. మొదట్లో అది రక్షణే. ఏళ్లు గడిచేకొద్దీ, బోరు నీళ్లు కాచే గిన్నెకు తెల్లని చారలు పేరుకున్నట్టు ఆ పొర మందమవుతూ, పనికొచ్చే లిథియాన్ని కొంచెం కొంచెం మింగేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఒక ముతక లెక్క. బ్యాటరీకి ద్రవ శీతలీకరణ లేకుండా వచ్చిన తొలి నిస్సాన్ లీఫ్ కార్లు 2012లో అమెరికాలోని ఫీనిక్స్ ఎడారి ఎండల్లో త్వరగా సామర్థ్యం కోల్పోయి పెద్ద రగడకు దారితీశాయి. రామగుండం, రెంటచింతల ఎండలు తెలిసినవారికి ఆ పాఠం విడిగా చెప్పక్కర్లేదు. ఇప్పటి కార్లలో చాలావాటికి ద్రవ శీతలీకరణ ఉంది. మన దేశంలో అందుబాటు ధరలో దొరికే కార్లలో ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రసాయనం కోబాల్ట్, నికెల్ అక్కర్లేనిది, వేడికి తట్టుకునేది, వేల చార్జింగులు ఓర్చుకునేది. వేలాది వాహనాల సమాచారం పరిశీలించిన జియోటాబ్ సంస్థ 2024లో సగటు క్షీణత ఏడాదికి 1.8 శాతం అని తేల్చింది. ఆ కార్లలో ఎక్కువ మన కంటే చల్లని చోట్ల తిరిగినవి కనుక ఆ అంకెను మనం కొంచెం పెంచుకుని చదవాలి. అప్పుడు కూడా ‘ఐదేళ్లకు బ్యాటరీ పోతుంది’ అన్న ప్రచారం నిలవదు. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ మామూలైపోయింది. ఇక్కడ గమనించాల్సింది మరొకటి. ఆ పొర కారు నడిచినప్పుడే కాదు, ఊరికే నిలబడి ఉన్నప్పుడూ పెరుగుతుంది. నిండుగా చార్జింగ్ చేసి ఎండలో వదిలేస్తే ఇంకా త్వరగా పెరుగుతుంది. నెలకు 300 కిలోమీటర్లు తిరిగే యజమాని బ్యాటరీని అరగదీయకుండా కాపాడుకుంటున్నాననుకుంటాడు. కాలం అతనికి తెలియకుండానే దాన్ని అరగదీస్తూ ఉంటుంది, ఎనిమిదేళ్ల వారంటీ కూడా కిలోమీటర్లు ఇంకా మిగిలి ఉండగానే ముగిసిపోతుంది.

మంటల భయాన్ని కొట్టిపారేయడం మర్యాద కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి ఎనిమిది మందిని బలిగొంది. ఆ ఘటనల తర్వాతే బ్యాటరీ భద్రతా ప్రమాణాలు బిగిశాయి. కార్ల బ్యాటరీల నిర్మాణం, శీతలీకరణ, నియంత్రణ స్కూటర్ల కంటే చాలా మెరుగు. స్వీడన్ పౌర రక్షణ సంస్థ లెక్కల ప్రకారం 2022లో అక్కడి సుమారు 6 లక్షల చార్జింగ్ చేసుకునే కార్లలో 23 మాత్రమే తగలబడ్డాయి, నిష్పత్తిలో ఇది పెట్రోలు, డీజిల్ కార్ల కంటే ఎన్నో రెట్లు తక్కువ. ఆ ఎలక్ట్రిక్ కార్లు ఎక్కువగా కొత్తవి అన్న మాటా మరిచిపోకూడదు. అరుదే అయినా అంటుకుంటే ఆర్పడం కష్టం, మళ్లీ రాజుకుంటుంది కూడా. వరద మాత్రం మన చోట ఇంతకంటే దగ్గరి ప్రమాదం. బ్యాటరీ పెట్టెకు ఇచ్చే ఐపీ 67 ధ్రువీకరణకు అర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీల్లో నిలిచింది అరగంట కాదు, రోజుల తరబడి. మునిగిన ఇంజిన్‌ను విప్పి బాగుచేసే మెకానిక్ ప్రతి పట్నంలోనూ ఉంటాడు. మునిగిన బ్యాటరీ కారు ధరలో పెద్ద వాటాను తనతో పట్టుకుపోతుంది. లోతట్టు కాలనీల్లో ఉండేవారు బీమా పత్రంలో బ్యాటరీ గురించి రాసిన వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. సర్వీసు సంగతి తేలిక. ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు, ఖర్చు తక్కువే. బరువు వల్ల టైర్లు త్వరగా అరుగుతాయి, సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే వీధి చివరి షెడ్డు పనికిరాదు, జిల్లా కేంద్రానికి వెళ్లాల్సిందే.

పర్యావరణం పేరుతో కొనేవారికి కూడా ఇదే కిలోమీటర్ల లెక్క వర్తిస్తుంది. మన దేశంలో 2025లో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటి శిలాజ ఇంధనాలు కానిదే అయింది, కానీ నిజంగా ఉత్పత్తి అయ్యే కరెంటులో సుమారు మూడొంతులు ఇంకా బొగ్గుదే. ఇంజిన్‌లో పోయే వేడి వంటిదే రామగుండంలోనో ఇబ్రహీంపట్నంలోనో థర్మల్ కేంద్రం దగ్గర పోతుంది. యూనిట్‌కు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్, సరఫరా నష్టాలు అన్నీ కలిపితే ఎలక్ట్రిక్ కారు కిలోమీటరుకు 140 గ్రాములు వదిలినట్టు. పెట్రోలు కారు, శుద్ధి, రవాణాతో సహా, 210 గ్రాముల దాకా వదులుతుంది. తేడా 70 గ్రాములు. ఇది తక్కువేమీ కాదు, కానీ సున్నా కాలుష్యం అన్న ప్రకటనకు ఇది చాలా దూరం. పైగా 45 యూనిట్ల బ్యాటరీ తయారీలోనే సుమారు 4 టన్నుల అదనపు ఉద్గారాలు అప్పుగా మొదలవుతాయి. ఆ అప్పు తీరాలంటే 57 వేల కిలోమీటర్లు నడవాలి. నెలకు 1,000 తిరిగే కారుకు అది ఐదేళ్లు, 300 తిరిగే కారుకు పదహారేళ్లు. ఇంటి మీద 3 కిలోవాట్ల సౌర ఫలకలు ఉంటే లెక్క మారుతుంది. రోజుకు 12 యూనిట్లు వస్తాయి, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల దాకా రాయితీ ఉంది. మరోపక్క వీధిలో పొగ లేకపోవడం మాత్రం మొదటి కిలోమీటరు నుంచే నిజం. బొగ్గు పొగ ఊరికి దూరంగా పడుతుంది, పొగగొట్టం పొగ స్కూలు పిల్లల ముఖం మీద పడుతుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

ఇక్కడే విచిత్రమైన పరిస్థితి బయటపడుతుంది. నగరాల్లో ఎలక్ట్రిక్ కారును తేలిగ్గా పెట్టుకోగలిగేవారు సొంత ఇల్లు, సొంత ప్లగ్గు, ఇంట్లో రెండో కారు ఉన్నవారు. వాళ్ల రెండో కారు తిరిగేది తక్కువ, అంటే దాని నుంచి వచ్చే లాభమూ తక్కువే. రోజుకు 150 కిలోమీటర్లు తిరిగే క్యాబ్ డ్రైవరుకు ఏడాదికి రెండు లక్షలకు పైగా మిగులుతుంది, కానీ అతను ఉండేది అద్దె గదిలో, కారు నిలిచేది సందులో. రాయితీ ఎవరికి అవసరం అన్న ప్రశ్నకు జవాబు ఈ వైరుధ్యంలోనే ఉంది. ఖరీదైన కారుకు రోడ్డు పన్ను మాఫీ చేయడం కంటే క్యాబ్‌లు రాత్రిళ్లు నిలిచే బస్తీల దగ్గర చవకైన నెమ్మది చార్జర్లు పెట్టడం వల్ల పెట్రోలు ఎక్కువ మిగులుతుంది. శంషాబాద్ విమానాశ్రయానికి 2019 నుంచే తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఈ సూత్రానికి చక్కగా సరిపోతాయి. రోజంతా తిరుగుడు, రాత్రికి డిపోలో ఖాయమైన చార్జింగ్. అలాగని తక్కువ తిరిగేవాళ్లు పెట్రోలుకే కట్టుబడాలా? హైబ్రిడ్ ఒక దారి, కానీ అక్కడా ముందస్తు ధర ఉంది, కిలోమీటరుకు ఆదా ఇంకా తక్కువ.

వాళ్లకు సరిపోయేది బహుశా వాడిన ఎలక్ట్రిక్ కారు. ఈ కార్ల మీద వినిపించే గట్టి అభ్యంతరం, రీసేల్ ధర త్వరగా పడిపోతుందన్నది నిజమే. బ్లూంబర్గ్ఎన్ఈఎఫ్ పరిశోధన సంస్థ లెక్కల్లో 2010లో యూనిట్ సామర్థ్యానికి 1,000 డాలర్లు దాటిన బ్యాటరీ ధర 2024 నాటికి 115 డాలర్లకు దిగింది. కొత్త కారు ధర తగ్గుతూ, రేంజ్ పెరుగుతూ ఉంటే పాత కారును ఎవరు ఎక్కువకు కొంటారు? ఆ నష్టం మొదటి యజమానిది. రెండో యజమానికి అదే లాభం. ముందస్తు ధర భారం ముందే ఎవరో మోశారు, తయారీ నాటి కార్బన్ అప్పులో చాలా భాగం తీరిపోయింది, నెలకు 300 కిలోమీటర్లకు తగ్గిన రేంజ్ అడ్డు రాదు. చిక్కంతా బ్యాటరీ ఆరోగ్యం తెలుసుకోవడంలో ఉంది. కొన్ని కంపెనీల జీవితకాల వారంటీ మొదటి యజమానికే పరిమితం కనుక ఆ షరతు ముందే చూసుకోవాలి. బ్యాటరీ ఎలా ఉందో ఓడోమీటర్ చూసి చెప్పడానికి వీల్లేదు, తక్కువ తిరిగిన కారు ఎండలో ఎన్ని మే నెలలు నిలబడిందో అది చెప్పదు. సర్వీసు కేంద్రం ఇచ్చే నివేదికతో పాటు మీటరున్న నెమ్మది చార్జర్ దగ్గర 20 శాతం నుంచి నిండుగా ఎక్కించి చూడొచ్చు. 45 యూనిట్ల కొత్త బ్యాటరీ అయితే గోడ నుంచి దాదాపు 40 యూనిట్లు తీసుకుంటుంది. మీటరు 32 దగ్గరే ఆగిందంటే సామర్థ్యంలో ఐదో వంతు పోయినట్టు, అడిగే ధరలో అంత తగ్గించమని నిలదీయొచ్చు.